గర్భసంచి ఆపరేషన్: సంతకం ఎవరిది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల గర్భసంచి ఆపరేషన్ మీద ఒక చిన్న జవాబు రాసిన, దానికే ఇన్ని ఉత్తరాలు వస్తయని అనుకోలే. నర్సంపేట, పరకాల, జగిత్యాల, మహబూబాబాద్, కరీంనగర్ దిక్కు నుంచి, కొన్ని చేతిరాతతోటి, ఎక్కువ వాట్సాప్‌ల, రెండైతే వాయిస్ మెసేజ్‌లు. అడిగినయి వేరు వేరు గానీ అన్నిట్ల ఉన్న బాధ ఒక్కటే, నాకు చెప్పకుండనే నా ఒంటి మీద నిర్ణయం అయిపోయింది అని. అందుకే ఈ నెల మొత్తం దీనికే ఇస్తున్న. నేను డాక్టర్‌ని కాదు, 31 ఏండ్లు సర్కారు దవాఖానల్ల స్టాఫ్ నర్సుగ చేసిన, అందుల సగం ఆపరేషన్ థియేటర్లనే. సంతకం కాగితం గురించి నాకు బాగనే ఎరుక. మందు ఏది, ఆపరేషన్ ఏది అన్నది మాత్రం మిమ్ముల చూసిన డాక్టరే చెప్పాలె. ఉత్తరాలల్ల గుర్తు పట్టే వివరాలు తీసేసిన.

ప్రశ్న: అక్కా నమస్తే. నాకు 36 ఏండ్లు, ఇద్దరు పిల్లలు, పెద్దోడు ఇంటర్ చదువుతుండు. పత్తి ఏరుడుకు, మిర్చి తోటలకు పోత. రెండేండ్ల నుంచి డేట్ వచ్చిందంటే తొమ్మిది పది రోజులు పోతనే ఉంటది, గడ్డలు గడ్డలు పడ్తయి, కండ్లు తిరుగుతయి. మా ఊరి ఆర్ఎంపీ హన్మకొండల ఒక ప్రైవేటు దవాఖానకు తీస్కపోయిండు. స్కానింగ్ చేసి ఫైబ్రాయిడ్ ఉన్నది, పిల్లలు అయిపోయిండ్రు గదా సంచి తీసేద్దాం, ఉంచుకుంటే క్యాన్సర్ అయితది అన్నరు. మా ఆయనతోటి అక్కడనే ఒక కాగితం మీద సంతకం పెట్టిచ్చుకున్నరు, నన్ను ఎవ్వరు అడగలే. సోమవారం అడ్మిట్ కావాలె. ఇప్పుడు ఆగుదాం అంటే కట్టిన అడ్వాన్స్ పోతదేమో, డాక్టరమ్మ కోపం జేస్తదేమో అని భయం. నేను గూడ సంతకం పెట్టాల్నా?
— నర్సంపేట దగ్గర నుంచి ఒక చెల్లె

జవాబు: నీ సంతకం లేకుండ ఆ ఆపరేషన్ చెయ్యొద్దు చెల్లె. మీ ఆయన పెట్టిన సంతకం నీ సంతకం కాదు. నువ్వు తెలివిల ఉన్నవ్, మేజర్‌వి, మంచి చెడు ఆలోచన చేసుకుంటవ్, అసొంటప్పుడు నీ బదులు ఇంకొకరు ఒప్పుకునే అధికారం భర్తకు లేదు, తల్లికి లేదు, అత్తకు లేదు. ఇది 2008ల సుప్రీంకోర్టు సాఫ్ సీదా చెప్పింది, ఆ కేసు గురించి కిందికి ఇంకో ఉత్తరంల రాసిన.

అదే తీర్పుల ఇంకోటి చెప్పిండ్రు, అది చానామందికి తెల్వదు. సంతకం ఉంటే సరిపోదు, సంతకానికి ముందు డాక్టర్ నీకు చెప్పాల్సినయి ఉన్నయి. ఏం ఆపరేషన్, ఎట్ల చేస్తరు, ఎందుకు, దాంతోటి ఏం లాభం, తర్వాత నీ ఒంట్ల ఏం మారుతది, ఇది గాకుంటే వేరే దారి ఏమన్న ఉన్నదా, పెద్ద రిస్కులు ఏంటియి, అసలు చేయించుకోకుంటే ఏమైతది. ఇవి నీకు అర్థమయ్యే మాటల్ల చెప్పినంక, నువ్వు ఎవరి బలవంతం లేకుండ ఊకొడితేనే అది ఒప్పుకోలు. నీకు వీటిల ఎన్ని చెప్పిండ్రో ఒక్కసారి యాది చేసుకో. ఉత్తరంల రాసినదాన్ని బట్టి చూస్తే ఒక్కటే చెప్పిండ్రు, క్యాన్సర్ అయితది అని. ఆ ఒక్కటి కూడ సరిగ్గ చెప్పలే. ఫైబ్రాయిడ్ అంటే సంచి కండరంల పెరిగే గడ్డ, అది క్యాన్సర్‌గ మారుడు చానా చానా అరుదు. ఎంతోమంది ఆడోళ్లకు ఫైబ్రాయిడ్లు ఉండి, ఉన్నట్టు కూడ తెల్వకుండనే జీవితం గడిచిపోతది, నెలసరి ఆగిపోయినంక చానావరకు అవే చిన్నగయితయి. గడ్డ ఎంత పెద్దది, ఎక్కడ ఉన్నది, బ్లీడింగ్ దానివల్లనేనా కాదా అన్నది అసలు లెక్క. సంచి లోపలి పొరకు ఆనుకొని ఉన్న చిన్న గడ్డ కూడ బాగ బ్లీడింగ్ చేస్తది, బయటి దిక్కు ఉన్న పెద్దది కూడ ఒక్కోసారి ఏం చెయ్యదు. నీ స్కానింగ్ రిపోర్టుల సైజు సెంటీమీటర్లల్ల రాసి ఉంటది, ఎక్కడున్నదో కూడ రాసి ఉంటది, అది పట్టుకొని అడుగు.

వేరే దారులు ఉన్నయి. బ్లీడింగ్ తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ గోళీలు, హార్మోన్ గోళీలు, సంచిల పెట్టే హార్మోన్ లూప్ (మిరెనా అంటరు, ఒకసారి పెడితే కనీసం ఐదేండ్లు పనిచేస్తది, బ్లీడింగ్ బాగ తగ్గిస్తది), గడ్డ ఒక్కటే తీసి సంచి ఉంచే మయోమెక్టమీ. ఇవన్నీ అందరికీ పడయి, నీకు ఏది పడతదో డాక్టర్ చెప్పాలె, గానీ అడిగే హక్కు నీది. దానికంటే ముందు హీమోగ్లోబిన్ ఎంత ఉన్నది, థైరాయిడ్ చూసిండ్రా అని అడుగు, ఎందుకంటే థైరాయిడ్ తక్కువైనా డేట్ ఎక్కువ పోతది, దానికి సంచి తీసుడు అవసరం పడదు. కండ్లు తిరుగుతున్నయి అంటున్నవు గదా, రక్తం తక్కువ ఉండొచ్చు, అది ఆపరేషన్ ఉన్నా లేకున్నా ముందుగాల సరిచేసుకోవాల్సిందే, దాని కోసం సోమవారం దాక కూడ ఆగకు.

ఇంకొక్క సంగతి, ఇది నేను థియేటర్ల చూసి చూసి చెప్తున్న. కన్సెంట్ ఫారంల ఆపరేషన్ పేరు రాసే గీత ఉంటది, అక్కడ ఇంగ్లీషుల మూడు మూడు అక్షరాలు రాస్తరు. టీఏహెచ్ అంటే పొట్ట కోసి సంచి మొత్తం తీసుడు, టీఎల్‌హెచ్ అంటే అదే పని లాప్రోస్కోపీతోటి, అంటే చిన్న చిన్న రంధ్రాలు పెట్టి. దాని పక్కన బీఎస్ఓ అని ఉంటే రెండు అండాశయాలు, ట్యూబులు కూడ తీస్తరన్నట్టు. కొన్నిసార్లు ఆ బీఎస్ఓ ముందర ప్లస్ గుర్తు కింద మైనస్ గీత కలిపి చిన్న గుర్తు పెడ్తరు. చూడనీకి పెన్ను గీసినట్టే ఉంటది. ఆ గుర్తుకు అర్థం, అండాశయాలు తీస్తమో ఉంచుతమో లోపలికి పోయినంక మేము చూసుకుంటం అని. 36 ఏండ్లకు అండాశయాలు తీస్తే తెల్లారి నుంచే నీకు మెనోపాజ్ (నెలసరి ఆగిపోయే వయసుల వచ్చే మార్పు) మొదలైతది, ఒళ్లంత ఆవిర్లు, నిద్ర పట్టకపోవుడు, ఎముకలు తొందరగ పెలుసు అవుడు, ముందు ముందు గుండె జబ్బు రిస్కు కూడ పెరుగుతది. సంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా కొందరికి మెనోపాజ్ కొన్నేండ్లు ముందుగ వస్తది. కాబట్టి ఆ గుర్తు కనిపిస్తే ఆగి అడుగు, నా అండాశయాలు మంచిగనే ఉన్నయా, మంచిగుంటే ఉంచుతరా, ఉంచుతరంటే ఆ బీఎస్ఓ కొట్టేసి రాయుండ్రి అని.

నువ్వొక్కదానివే కాదు చెల్లె. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల గర్భసంచి తీయించుకున్నోళ్లు దేశం మొత్తంల 100కు 3 మంది చిల్లర, మన తెలంగాణల 8 మంది దాటి, ఆంధ్రల ఇంకా కొంచెం ఎక్కువ. దేశంల వందకు ముగ్గురికి అయితే, మన దగ్గర ఎనిమిది మందికి ఎందుకైతున్నది? మన ఆడోళ్ల గర్భసంచులు వేరే రకంగ పుట్టలేదు గదా. పిల్లలైపోయినంక దాంతో పనేంది అనే మాట మన పల్లెల్ల ఎంత తేలికగ అంటరో నీకూ ఎరుకే.

సోమవారం పోకు. మీ ఆయనతోటి మాట్లాడు, ఫైలు మొత్తం, స్కానింగ్ ఫిల్మ్‌తో సహా తెచ్చుకొని వరంగల్ సీకేఎం దవాఖానల గానీ హన్మకొండ జీఎంహెచ్‌ల గానీ గైనిక్ ఓపీకి పోయి ఇంకో డాక్టర్‌కు చూపెట్టు, రెండూ సర్కారీయే. రెండో అభిప్రాయం తీసుకునుడు డాక్టర్‌ను అవమానించుడు కాదు, రోగుల హక్కుల చార్టర్‌లనే ఉన్నది. అడ్వాన్స్ రసీదు జాగ్రత్త చేసుకో, వాపస్ అడుగు. వాళ్లు గొణిగినా గొణగనీ, పైసలు మళ్ల సంపాదించుకుంటవ్. అన్నీ తెల్సుకున్నంక నాకు ఆపరేషనే మంచిది అనిపిస్తే నిర్భయంగ చేయించుకో, మందులు పనిచెయ్యక ఏండ్లకేండ్లు రక్తం పోగొట్టుకున్నోళ్లకు అది పునర్జన్మ లెక్క ఉంటది, నేను అట్ల సంతోషంగ ఇంటికి పోయినోళ్లను కూడ మస్తుమందిని చూసిన.

ప్రశ్న: మేడం, నేను మస్కట్‌ల పనిచేస్తున్న, ఇల్లు జగిత్యాల దిక్కు. నా భార్యకు 43, మూడేండ్లు మందులు వాడింది, లూప్ కూడ పెట్టిచ్చుకున్నది, తగ్గలే. ఇద్దరం ఆలోచన చేసుకొని ఆపరేషన్‌కు ఒప్పుకున్నం. దవాఖానోళ్లు భర్త సంతకం లేకుంటే చెయ్యం అంటున్నరు. నాకు లీవు మార్చిల గానీ దొరకదు. నా సంతకం నిజంగ కావాల్నా, మా తమ్ముడు పెడితే నడ్వదా?
— గల్ఫ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, దవాఖానోళ్లు అడిగేది వాళ్ల సొంత రూలు కాదు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళిల 7.16 అని ఒక నిబంధన ఉన్నది, పిల్లలు కాకుండ చేసే ఆపరేషన్ అయితే భార్యాభర్తలు ఇద్దరి సంతకం కావాలె అని దాంట్ల రాసి ఉన్నది. దాన్ని చూసే డాక్టర్లు భయపడ్తరు, రేపు నువ్వు వచ్చి నాకు చెప్పకుండ నా భార్య సంచి ఎట్ల తీసిండ్రని లొల్లి పెడితే వాళ్లకు ఇబ్బంది. నాకైతే ఆ నిబంధన పాతబడ్డదే అనిపిస్తది, ఎందుకంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు కేంద్ర ప్రభుత్వం పెట్టిన ప్రమాణాలల్లనే భార్యకు గానీ భర్తకు గానీ రెండోవాళ్ల సంతకం అక్కర లేదని ఉన్నది, మరి జబ్బుకు చేసే ఆపరేషన్‌కు ఎందుకు? గానీ నియమం పుస్తకంల ఉన్నన్ని రోజులు డాక్టర్‌తోటి కొట్లాడి మీ ఆమె ఆపరేషన్ మార్చి దాక ఆపుకునుడు తెలివి కాదు.

మీ తమ్ముని సంతకం మాత్రం వద్దు. ఆయనకు ఏ అధికారం లేదు, మీ ఆమె ఒంటి సంగతి మరిది చేతికి పోవుడు కూడ మంచిగుండదు. నువ్వు ఒక కాగితం మీద మీ భార్య పేరు, ఆపరేషన్ పేరు, దీనివల్ల ఇగ పిల్లలు కారని నాకు తెల్సు, నాకు అభ్యంతరం లేదు అని నీ చేత్తో రాసి సంతకం పెట్టి, పాస్‌పోర్ట్ కాపీ జత చేసి స్కాన్ చేసి దవాఖాన మెయిల్‌కు పంపు. డాక్టర్‌తోటి ఒకసారి వీడియో కాల్ మాట్లాడు, ఆ మాట్లాడిన సంగతి కేస్ షీట్‌ల రాయమను. చానా దవాఖానలు దీనికి ఒప్పుకుంటయి. ఒప్పుకోకుంటే ఇంకో దవాఖాన చూసుకోండ్రి. ఏ లెక్కనన్నా ముందు పెట్టాల్సిన సంతకం ఆమెది, నీది దాని వెనక.

ప్రశ్న: మా చెల్లెకు కాన్పు అయినంక రక్తం ఆగలేదని గర్భసంచి తీసేసిండ్రు. 24 ఏండ్లు, మొదటి కాన్పు. మమ్ముల ఎవ్వరిని అడగలే, తీసినంక చెప్పిండ్రు. కేసు పెట్టాలని మా బావ అంటుండు. పెట్టొచ్చా?
— పరకాల

జవాబు: పాప, తల్లి బతికి ఉన్నరా? ఉన్నరంటే ముందు ఆ థియేటర్ల ఉన్నోళ్లకు దండం పెట్టుండ్రి. నిండు నెలల గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగ రక్తం పోతది. కాన్పు అయినంక అది గట్టిగ ముడుచుకుంటేనే రక్తం బందైతది, ముడుచుకోకుంటే పది పదిహేను నిమిషాలల్ల మనిషి పోతది. ఇంజక్షన్లు, బెలూన్, కుట్లు అన్నీ అయిపోయినంక ఇగ ఏ దారి లేక సంచి తీస్తరు. అసొంటప్పుడు మనిషి సోయిల లేకుంటే, అడిగేంత టైం లేకుంటే, ప్రాణం కాపాడనీకి ఒప్పుకోలు లేకున్నా చెయ్యొచ్చు. పాత ఐపీసీల 92వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితల 30వ సెక్షన్ అదే చెప్తది, సుప్రీంకోర్టు కూడ ప్రాణాపాయాన్ని మినహాయించే మాట్లాడింది.

ఏమేం చేసిండ్రో కేస్ షీట్‌ల టైంతో సహా రాసి ఉంటది, కావాలంటే కాపీ తీసుకొని చదివిచ్చుకోండ్రి, అది మీ హక్కే. గానీ మీ చెల్లెకు ఇప్పుడు కావాల్సింది కేసు కాదు, ఆమెతోటి ఎవరన్న కూసొని ఇగ కడుపు రాదన్న సంగతి మెల్లగ చెప్పి, ఏడ్వనీయాలె. అండాశయాలు ఉంచిండ్రా అని డాక్టర్‌ను అడుగుండ్రి, ఎక్కువసార్లు ఉంచుతరు.

ప్రశ్న: అక్కా, మా అక్కకు 33. ఓవరీల (అండాశయంల) నీటిగడ్డ ఉన్నదని లాప్రోస్కోపీతోటి తీస్తమన్నరు, దానికే అక్క సంతకం పెట్టింది. లోపలికి తీస్కపోయిన గంటకు ఒకామె బయటికొచ్చి లోపల అంత బాగలేదు, సంచి కూడ తీసుడే మంచిది, సంతకం పెట్టుండ్రి అని మా బావను అడిగింది, ఆయన గాబరాల పెట్టిండు. మొన్న డిశ్చార్జ్ కాగితం ఒక సిస్టర్‌కు చూపెడితే రెండు ఓవరీలు కూడ తీసేసిండ్రు అన్నది. ఐదు నెలలైంది, అక్కకు రాత్రి ఒళ్లంత చెమటలు, నిద్ర లేదు, ఊకె ఏడుస్తది. డాక్టర్‌ను అడిగితే మీ బావ సంతకం పెట్టిండు గదా అన్నరు. ఇప్పుడేం జెయ్యాలె?
— మహబూబాబాద్ జిల్లా నుంచి

జవాబు: మీ ఉత్తరం చదివినంక చానాసేపు ఏం తోచలే. ఎందుకంటే 1995 మే నెలల ఢిల్లీల అచ్చం ఇట్లనే జరిగింది. సమీరా కోహ్లీ అనే 44 ఏండ్ల పెండ్లి కాని ఆమె ఎక్కువ బ్లీడింగ్ అని పోతే, లాప్రోస్కోపీ చేసి చూస్తమని మత్తు ఇచ్చిండ్రు. ఆమె మత్తుల ఉండంగనే బయట కూసున్న వాళ్లమ్మను అడిగి సంతకం తీసుకొని పొట్ట కోసి సంచి, రెండు అండాశయాలు తీసేసిండ్రు. ఆమె ఊకోలే, కొట్లాడింది, 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పరీక్ష కోసం ఇచ్చిన ఒప్పుకోలు ఆపరేషన్‌కు చెల్లదు, ఒక ఆపరేషన్‌కు ఇచ్చింది ఇంకో ఆపరేషన్‌కు చెల్లదు, ప్రాణం మీదికి వస్తే తప్ప. మెలకువ వచ్చేదాక ఆగి ఆమెనే అడిగే వీలున్నప్పుడు తల్లి ఒప్పుకోలు పనికిరాదు అని చెప్పిండ్రు. నష్టపరిహారం 25 వేలే ఇచ్చిండ్రు, ఆపరేషన్ ఫీజు కూడ ఇయ్యనక్కర్లే అన్నరు. పైసలు తక్కువే, నాకు ఇప్పటికీ అది మింగుడు పడదు, గానీ ఆ తీర్పు ఇయ్యాల మీ అక్క చేతిల కూడ ఉన్నది. బావ సంతకం పెట్టిండు గదా అనే జవాబు దాని ముందట నిలవదు.

ఇప్పుడు చేసే పనుల్ల మొదటిది కాగితాలు. మీ అక్క పేరు మీద, మీ అక్క సంతకంతోటి దరఖాస్తు రాసి కేస్ షీట్, రెండు కన్సెంట్ ఫారాలు, ఆపరేషన్ నోట్స్, మత్తు డాక్టర్ నోట్స్, బయాప్సీ రిపోర్టు మొత్తం అడుగుండ్రి. అడిగిన 72 గంటల్ల ఇయ్యాలని 2002 నియమావళిలనే ఉన్నది. దరఖాస్తు కాపీ మీద వాళ్లతోటి ముట్టినట్టు ముద్ర వేయిచ్చుకోండ్రి, ఇయ్యకుంటే రిజిస్టర్ పోస్టుల పంపుండ్రి. అన్నిట్ల ముఖ్యమైంది బయాప్సీ రిపోర్టు. తీసిన సంచిని, ఓవరీలను ల్యాబ్‌కు పంపి చూస్తరు, లోపల ఏం బాగలేదో, బాగున్నదే తీసిండ్రో అక్కడ కనిపిస్తది. అసలు పంపనే లేదంటే అదీ ఒక ప్రశ్నే. క్యాన్సర్ అనుమానం వచ్చిందా, రక్తం ఆగలేదా, ఆపరేషన్ నోట్స్‌ల ఏం రాసిండ్రో చూడకుండ డాక్టర్‌ది తప్పు అని నేను కూడ అననీకి రాదు, అందుకే ముందు కాగితాలు అంటున్న.

అవి చేతికొచ్చినంక డీఎంహెచ్‌ఓకు (జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి) ఫిర్యాదు ఇయ్యొచ్చు, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు ఇయ్యొచ్చు, పైసలు కట్టి చేయించుకున్నరు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడ పోవొచ్చు. కమిషన్‌ల జరిగిన రోజు నుంచి రెండేండ్ల లోపల వెయ్యాలె, మీకు ఐదు నెలలు పోయినయి. కట్టిన బిల్లు 5 లక్షల లోపల ఉంటే అక్కడ ఫీజు కూడ లేదు. వకీలును పెట్టుకునే శక్తి లేకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండ్రి, ఆడోళ్లకు ఆదాయంతోటి సంబంధం లేకుండ ఫ్రీగ వకీలును ఇస్తరు, 15100కు ఫోన్ చేసినా చెప్తరు. అవసరం లేకున్నా గర్భసంచులు తీస్తున్నరని బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌ల జరిగినదాని మీద వేసిన కేసుల 2023 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకు చెప్పింది, కేంద్రం 2022ల ఇచ్చిన మార్గదర్శకాలు మూడు నెలల్ల అమలు చెయ్యాలె అని. జిల్లా స్థాయిల కూడ ఈ ఆపరేషన్ల మీద నిగరానీ కమిటీ ఉండాలని అందుల ఉన్నది, ఒప్పుకోలు లేకుండ, అవసరం లేకుండ చేసిన దవాఖానలను బ్లాక్‌లిస్టుల పెట్టాలని కూడ. డీఎంహెచ్‌ఓకు రాసేటప్పుడు ఈ తీర్పు సంగతి రాసి, మన జిల్లా కమిటీ ముందట మా కేసు పెట్టుండ్రి అని అడుగుండ్రి.

కేసు ఒక దిక్కు నడ్వనీ, అక్క ఒళ్లు ఆగదు. 33 ఏండ్లకు రెండు ఓవరీలు పోయినయంటే ఆ చెమటలు, ఆ ఏడ్పు ఆమె మనసు బలహీనత కాదు, హార్మోన్ ఒక్కసారే ఆగిపోయినందుకు వచ్చినయి. ఇంట్లోళ్లందరికీ ఈ మాట చెప్పుండ్రి. ఇంకో గైనిక్ డాక్టర్ దగ్గరికి ఈ వారంలనే తీస్కపోండ్రి, ఇంత చిన్న వయసుల తీసేస్తే, వేరే అడ్డంకి లేకుంటే, మామూలుగ మెనోపాజ్ వచ్చే వయసు దాక హార్మోన్ మందులు ఇస్తరు. కాల్షియం, విటమిన్ డి, ఎముకల పరీక్ష గురించి అడుగుండ్రి. ఐదు నెలలల్ల ఈ సంగతి ఆమెకు ఒక్కరు చెప్పకపోవుడే నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పిచ్చింది.

ప్రశ్న: నా బిడ్డకు 19 ఏండ్లు, పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. నెలసరి వస్తే ప్యాడ్ తీసి పారేస్తది, ఇల్లంత తిరుగుతది, నేను బీడీలు చేసుకుంట ఆమె ఎనకెనక ఉరకాలె. చుట్టాలు సంచి తీయించు, నీకు, దానికి బాధ తప్పుతది, రేపు ఎవడన్న ఏమన్న చేసినా కడుపు రాదు అంటున్నరు. తల్లిని కాబట్టి నేను సంతకం పెడితే చేస్తరా?
— కరీంనగర్ నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు నీ చేతులు పట్టుకొని కూసోవాలని ఉన్నది. ఒక్కదానివే 19 ఏండ్లు మోసినవ్.

సంతకం సంగతి చెప్పాలంటే, 2016 వికలాంగుల హక్కుల చట్టంల 10వ సెక్షన్ ఉన్నది, వైకల్యం ఉన్న మనిషికి వాళ్ల సొంత ఒప్పుకోలు లేకుండ పిల్లలు కాకుండ చేసే ఏ వైద్యం చెయ్యొద్దని. నీ సంతకం ఒక్కదాంతోటి, మంచిగున్న సంచిని నెలసరి ఇబ్బంది కోసం తీయనీకి రాదు. 1994ల పుణెల సర్కారు హాస్టల్‌ల ఉన్న ఇసొంటి ఆడపిల్లలకు ఇదే కారణం చెప్పి సంచులు తీసిండ్రు, దేశమంత గోల అయినంక ఆపిండ్రు.

ఇంకో మాట గట్టిగ చెప్పాలె, తిట్టినట్టు అనుకోకు. ఎవడన్న ఏమన్న చేస్తే అన్న భయానికి సంచి తీసుడు మందు కాదు. కడుపు రాదని తెల్సినోడికి ఇంకా ధైర్యం వస్తది, బిడ్డకు జరిగే అన్యాయం మాత్రం అట్లనే ఉంటది, బయటపడే దారి కూడ మూసుకుపోతది.

బాధ తగ్గించుకునే దారి వేరే ఉన్నది. నెలసరి తక్కువ చేసే, కొన్ని నెలలకొకసారి వచ్చేటట్టు చేసే హార్మోన్ మందులు ఉన్నయి, లూప్ ఉన్నది. బిడ్డకు ఫిట్స్ మందులు నడుస్తుంటే ముందుగాల చెప్పు, కొన్నిటికి కొన్ని పడయి. ప్యాడ్ పారేస్తున్నదంటే గరగర అయితుండొచ్చు, మెత్తటి కాటన్ గుడ్డ కుట్టిన డ్రాయర్లు, ముదురు రంగువి వేసి చూడు, డేట్ లేని రోజుల్ల కూడ ఊకెనే వేయించి అలవాటు చెయ్యి. ఏండ్ల తరబడి అలవాటు చేస్తే నేర్చుకున్న పిల్లలను చూసిన.

ప్రశ్న: మా అమ్మకు 57, గర్భసంచి జారి బయటికొస్తున్నది. సదువు రాదు. ఫారం మొత్తం ఇంగ్లీషుల ఉన్నది, నిశాని వేస్తే చాలన్నరు. వేలిముద్ర చెల్లుతదా?
— కాజీపేట

జవాబు: చెల్లుతది, సంతకానికి ఎంత విలువనో నిశానికి అంతే. పక్కన సాక్షి సంతకం పెట్టియ్యుండ్రి, ఆ సాక్షి దవాఖాన మనిషి కాకుండ మీ మనిషైతే మంచిది. ఫారం ఇంగ్లీషుల ఉంటే తెలుగుల చదివి చెప్పమనుండ్రి, చెప్పినట్టు దాని మీదనే ఒక లైన్ రాయమనుండ్రి, అర్థమయ్యే భాషల చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే. సంచి జారినదానికి ఆపరేషన్ ఒక్కటే కాదు, లోపల పెట్టే రింగు ఉంటది, ఎక్సర్‌సైజులు ఉంటయి, ఎంత జారింది అన్నదాన్ని బట్టి. అమ్మకు ఇవి చెప్పిండ్రా అడుగుండ్రి.

నిశాని అంటే నాకొకటి మర్వరాదు. పేరు చెప్పను, దవాఖాన చెప్పను. థియేటర్ బయట ట్రాలీ మీద 29 ఏండ్ల పిల్ల పండుకొని ఉన్నది, ఆకుపచ్చ గౌను వేసిండ్రు, చేతికి సెలైన్. నేను కేస్ షీట్ చూసి పేరు, ఆపరేషన్ సరిచూస్తున్న. ఫారం మీద ఆమె వేలిముద్ర ఊదా రంగుల నిండుగ, గీతలు లెక్కపెట్టొచ్చు అన్నంత సాఫ్‌గ పడ్డది, ఆ బొటన వేలికి ఇంకా ఆ రంగు పోలే. ఆ పిల్ల మెల్లగ నా చెయ్యి పట్టుకొని, సిస్టర్, ఇది అయినంక మళ్ల డేట్ ఎప్పుడొస్తది, ఈసారి కొడుకు కావాలంటుండు మా ఆయన, అన్నది. కాగితం పక్కాగ ఉన్నది, సాక్షి ఉన్నడు, తేదీ ఉన్నది. ఆమెకు మాత్రం సంచి తీస్తున్నరన్నదే తెల్వదు. నేను పోయి డాక్టరమ్మకు చెప్పిన, ఆమె మాస్క్ తీసేసి బయటికొచ్చి ట్రాలీ పక్కన నిలబడి మాట్లాడింది, ఆ రోజు ఆపరేషన్ జరగలే. అంతకు ముందు నేను ఏమడగకుండ లోపలికి తోసిన ట్రాలీలు ఎన్నో, అవి ఇప్పటికీ రాత్రిపూట యాదికొస్తయి.

అందుకే, ఆపరేషన్ ముందటి రాత్రి అమ్మ పక్కన కూసొని అడుగు, అమ్మా రేపు నీకేం చేస్తరు, ఏం తీస్తరు, ఎందుకు అని. ఆమె తన మాటల్ల చెప్పగలిగితే మంచిదే. ఏమో బిడ్డా, అంత డాక్టరమ్మకే ఎరుక అన్నదంటే, పొద్దున బట్టలు మార్చకముందే డాక్టరమ్మను ఇంకొక్కసారి అమ్మ మంచం దగ్గరికి పిలువు.